బ్యాచ్ ఫైల్ ఒకటే, షెల్ మారితే రిజల్ట్ ఎందుకు మారుతుంది? సీఎండీ, పవర్‌షెల్ తేడాలు ఇవే

బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ డెమోకి ముందు రోజు రాత్రి జరిగిన సంగతి ఇది. నా ల్యాప్‌టాప్‌లో పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ బాగానే పనిచేస్తోంది. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో కూడా అదే సెటప్ పెట్టి, 'యాక్టివేట్ డాట్ బ్యాట్' రన్ చేశాం. ఎర్రర్ ఏమీ రాలేదు. సరే అనుకుని పిప్‌తో లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేస్తే, అవన్నీ వెళ్లి సిస్టమ్ పైథాన్‌లో పడ్డాయి. వెర్షన్లు మారిపోయి వాడి ఇంకో ప్రాజెక్ట్ కూడా ఆగిపోయింది. కారణం ఒక్కటే: నేను సీఎండీలో రన్ చేశా, వాడు పవర్‌షెల్‌లో చేశాడు.

టెర్మినల్ వేరు, షెల్ వేరు

విండోస్ టెర్మినల్ అనేది మనకు కనిపించే విండో మాత్రమే. మనం కొట్టే కమాండ్‌ని అర్థం చేసుకునేది లోపల ఉన్న షెల్. సీఎండీ విండోస్ ఎన్‌టీ కాలం నుంచి ఉంది. పవర్‌షెల్ 2006లో వచ్చింది. విండోస్ 10, 11లో పవర్‌షెల్ 5.1 ముందే ఉంటుంది, 7ని మనం విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. విండోస్ 11లో టెర్మినల్ తెరిస్తే మామూలుగా వచ్చేది పవర్‌షెలే. అందుకే చాలామంది తెలియకుండానే ఇక్కడ దొరికిపోతారు.

1. సెట్టింగులు నిలబడవు

బ్యాచ్ ఫైల్‌ని పవర్‌షెల్ తను చదవదు. వెనకాల కొత్తగా ఒక సీఎండీని స్టార్ట్ చేసి దానికి అప్పగిస్తుంది. ఫైల్ కరెక్ట్‌గానే రన్ అవుతుంది, కానీ పని అయిపోగానే ఆ సీఎండీ క్లోజ్ అవుతుంది. అది మార్చిన పాత్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా దానితోపాటే పోతాయి. మా కేసులో జరిగింది ఇదే.

2. లైన్లు కాపీ-పేస్ట్ చేస్తే ఇంకా డేంజర్

- 'సెట్' కమాండ్: సీఎండీలో ఇది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడుతుంది. పవర్‌షెల్‌లో 'సెట్' అంటే వేరే కమాండ్‌కి ముద్దుపేరు. ఎర్రర్ చూపించదు, మీకు కావాల్సిన పనీ చేయదు.
- % గుర్తులు: వేరియబుల్ పేరుకి అటూ ఇటూ % పెట్టడం సీఎండీ పద్ధతి. పవర్‌షెల్ దాన్ని మామూలు టెక్స్ట్‌లా చూస్తుంది. అక్కడ $ గుర్తు, ఎన్వ్, కోలన్ తర్వాత పేరు రాయాలి.
- && గుర్తు: సీఎండీలో, పవర్‌షెల్ 7లో పనిచేస్తుంది. 5.1లో ఎర్రర్ వస్తుంది.

3. > గుర్తుతో ఫైల్ తయారు చేస్తే

పవర్‌షెల్ 5.1లో > వాడి ఫైల్ రాస్తే అది యూటీఎఫ్-16లో సేవ్ అవుతుంది. అలా తయారైన బ్యాచ్ ఫైల్‌ని సీఎండీ సరిగా చదవలేదు. నోట్‌ప్యాడ్‌లో చూస్తే మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది, అసలు తిప్పలు అక్కడే! పవర్‌షెల్ 7లో యూటీఎఫ్-8 వస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు.

మరి ఏం చేయాలి?

- ముందు ప్రాంప్ట్ చూడండి. మొదట్లో పీఎస్ అని ఉంటే అది పవర్‌షెల్.
- ఈజీ దారి: అక్కడే సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తర్వాత బ్యాచ్ ఫైల్ రన్ చేసి, మిగతా పనంతా అదే విండోలో చేయండి.
- పవర్‌షెల్‌లోనే ఉండాలంటే బ్యాట్ ఫైల్ బదులు అదే ఫోల్డర్‌లో ఉండే పీఎస్1 ఫైల్ వాడండి. స్క్రిప్టులు డిసేబుల్ అయ్యాయని ఎర్రర్ వస్తే, ఎగ్జిక్యూషన్ పాలసీని మీ యూజర్ వరకే 'రిమోట్‌సైన్డ్'గా మార్చుకోండి.
- ఇన్‌స్టాల్ చేసే ముందు ప్రాంప్ట్ పక్కన బ్రాకెట్లలో ఎన్విరాన్‌మెంట్ పేరు వచ్చిందో లేదో చూడండి. డౌట్ ఉంటే పిప్ వెర్షన్ చెక్ చేయండి, అది ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో కూడా చూపిస్తుంది.

ఎర్రర్ రాలేదంటే పని అయిపోయినట్టు కాదు. ఆ రాత్రి పిప్ ఫోల్డర్ ఒక్కసారి చూసుకుని ఉంటే, తెల్లవారుజాము దాకా లైబ్రరీలు తీసి మళ్లీ పెట్టే పని మాకు తప్పేది.