పరుగుల వీరుడు జోనా లోము

ఈసారి గోడపత్రికలో నేను రగ్బీ ఆటగాడు జోనా లోము గురించి రాస్తున్నాను. తప్పులుంటే క్షమించగలరు.

ముందు ఆట గురించి. రగ్బీ యూనియన్‌లో ఒక్కో జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. బంతి కోడిగుడ్డు లెక్క కోలగా ఉంటది. చేతిలో పట్టుకొని ఉరకొచ్చు. కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో విసరాలి. బంతి ఉన్నవాళ్ళను అవతలివాళ్ళు పట్టి పడేస్తారు, కబడ్డీలో కూతకు వచ్చినవాళ్ళను పట్టినట్టే. చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ‘ట్రై’ అంటారు. దానికి 5 పాయింట్లు.

లోము 1975 మే 12న న్యూజిలాండ్ దేశంలోని ఆక్లాండ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలది టోంగా దీవులు. వెస్లీ కాలేజీ అనే బడిలో మనలాగే హాస్టల్లో ఉండి చదివాడు. ఎత్తు 196 సెంటీమీటర్లు, బరువు సుమారు 120 కిలోలు. అంత బరువున్నా చాలా జోరుగా ఉరికేవాడు. 1994లో న్యూజిలాండ్ జట్టులో మొదటి టెస్టు ఆడాడు. అప్పుడు వయసు 19 ఏళ్ళ 45 రోజులే. ఆ జట్టును ‘ఆల్ బ్లాక్స్’ అంటారు, నల్ల బట్టలు వేసుకుంటారు కాబట్టి.

1995లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ జరిగింది. సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద లోము ఒక్కడే 4 ట్రైలు చేశాడు. న్యూజిలాండ్ 45–29తో గెలిచింది. ఫైనల్లో మాత్రం 15–12తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది.

ఆ ఏడాది చివర్లోనే లోముకు మూత్రపిండాల జబ్బు ఉందని డాక్టర్లు చెప్పారు. దాని పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. మూత్రపిండాలు రక్తాన్ని వడపోస్తాయని మనం సైన్సులో చదివాం. ఈ జబ్బులో ఆ వడపోత పాడై ఒంటికి కావలసిన ప్రోటీను మూత్రంలో పోతది. ముఖం, కాళ్ళు వాస్తాయి. అయినా లోము మందులు వాడుతూ ఆడాడు. 1999 ప్రపంచకప్‌లో 8 ట్రైలు చేశాడు. 2002 దాకా మొత్తం 63 టెస్టుల్లో 37 ట్రైలు చేశాడు. 2003లో డయాలసిస్ మొదలైంది, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం. 2004లో ఒక స్నేహితుడు తన మూత్రపిండం ఇచ్చాడు. తర్వాత మళ్ళీ కొన్నాళ్ళు ఆడాడు. 2011లో ఆ మూత్రపిండం కూడా పనిచేయలేదు. 2015 నవంబర్ 18న, 40 ఏళ్ళకే చనిపోయాడు.

ఇది నేనెందుకు రాశానంటే, పోయిన వానాకాలం నాకు మూడు రోజులు జ్వరం వచ్చినా ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటి మనిషిని నేనే. ఇంటికి పంపిస్తే మళ్ళీ పంపరేమోనని భయం. నాలుగో రోజు ప్రార్థనలో పడిపోయాను. మలేరియా అన్నారు. అంత బలమున్న లోముకే జబ్బు వచ్చింది. అది తెలిసింది కాబట్టే మందులు వాడి అన్నేళ్ళు ఆడగలిగాడు.

చెల్లెళ్ళూ, ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజే చెప్పండి. మేడం గారూ, చెప్పినవాళ్ళను వెంటనే ఇంటికి పంపకుండా ముందు డాక్టరుకు చూపించమని మా మనవి.

ప్రశ్నలు:
1. రగ్బీలో బంతిని చేత్తో ఎటు విసరకూడదు?
2. మూత్రపిండాల పని ఏమిటి?
3. మీరు ఎప్పుడైనా జబ్బు దాచారా? ఎందుకు?

– 9వ తరగతి విద్యార్థిని