నరాల జబ్బులో అలసట సోమరితనం కాదు



“కోడలు పొద్దున లేచింది మొదలు అలసట అంటుంది. జ్వరమా, ఏమీ లేదు. ఒళ్ళు వంచడం ఇష్టం లేక కాబోలు!” మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న ఇళ్ళలో ఇలాంటి మాట తరచుగా వినిపిస్తుంది. ఇది రోగి మనసును గాయపరిచే మాట. నిజం కూడా కాదు.

జబ్బు ఏమిటి?

కరెంటు తీగకు తొడుగు ఉన్నట్లే నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో శరీర రక్షణ శక్తే ఆ పొరను దెబ్బతీస్తుంది. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీన్ని వివరించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ వయసులో, మగవారికన్నా ఆడవారిలో కనిపిస్తుంది. చూపు మసకబారడం, తిమ్మిరి, నడక తూలడం దీని లక్షణాలు. వీటితోపాటు విపరీతమైన అలసట ఉంటుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

2008లో అమెరికాలో జాన్ డెలూకా బృందం 15 మంది రోగులకు, 15 మంది ఆరోగ్యవంతులకు ఒకే పని ఇచ్చి, ఎం.ఆర్.ఐ. ద్వారా మెదడును గమనించింది. తప్పొప్పుల్లో ఇద్దరూ సమానమే. అయితే పని సాగేకొద్దీ ఆరోగ్యవంతుల మెదడులో శ్రమ తగ్గింది, రోగుల మెదడులో పెరిగింది. కేజీఎఫ్ నుంచి బంగారుపేటకు నేరు దారి తెగితే చుట్టూ తిరిగి వెళ్ళాలి కదా! చేరేది అక్కడికే, ఖర్చయ్యే పెట్రోలు ఎక్కువ. ఇదీ అంతే.

యూనానీ దృష్టిలో

ఆరోగ్యానికి అవసరమైన ఆరు అంశాల్లో (అస్బాబె సిత్తా జరూరియా) శరీర శ్రమ-విశ్రాంతిని ఒకటిగా, మనసు శ్రమ-విశ్రాంతిని వేరొకటిగా మన హకీములు లెక్కించారు. కూర్చుని ఆలోచించినా అలసట వస్తుందని దీని భావం.

ఒక హెచ్చరిక. నరాల జబ్బనగానే హమ్మామ్, వేడి కాపడం చేయిస్తారు. ఈ జబ్బులో ఒళ్ళు వేడెక్కితే లక్షణాలు ఎక్కువవుతాయి. కాబట్టి అవి వద్దు.

పాటించవలసినవి

1. ముఖ్యమైన పనులు పొద్దున చల్లని వేళ చేసుకోవాలి. మధ్యమధ్య విశ్రాంతి తీసుకోవాలి.
2. రోజూ తేలికపాటి వ్యాయామం, వేళకు నిద్ర ఉండాలి.
3. రక్తహీనత, థైరాయిడ్, దిగులు కూడా అలసట తెస్తాయి. పరీక్ష చేయించాలి.
4. డాక్టరు మందులు ఆపి మాజూన్, ఖమీరాల మీద ఆధారపడరాదు. ఏ మాజూనైనా డాక్టరుకు చెప్పాకే వాడాలి. ఈ జబ్బును పూర్తిగా మాన్పే మందు ఏ వైద్యంలోనూ ఇంకా లేదు.
5. రోగికి రోజా విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చు.

మన క్యాసంబళ్ళి వారికి బెంగళూరు నిమ్హాన్స్ అందుబాటులో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును కూడా చేర్చారు. అర్హులు ధ్రువపత్రం పొందవచ్చు.

ఇంట్లో ఎవరైనా “అలసటగా ఉంది” అంటే ముందు నమ్మండి. రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.