పాఠం 7: బైబిలులో దేవుని పేర్లు – వాటి వెనుక ఉన్న విశ్వాసం

7.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– బైబిలులో దేవునికి ఉన్న కొన్ని ముఖ్యమైన పేర్లకు అర్థం చెప్పగలుగుతారు.
– ఆ పేర్ల ద్వారా వ్యక్తమయ్యే క్రైస్తవ విశ్వాసాన్ని మీ మాటల్లో వివరించగలుగుతారు.

7.2 పరిచయం

ఒకే మనిషిని పిల్లలు ‘నాన్నా’ అంటారు, తమ్ముడు ‘అన్నయ్యా’ అంటాడు, ఊరివారు ‘మేస్త్రీగారూ’ అంటారు. మనిషి ఒక్కడే. పిలుపును బట్టి సంబంధం తెలుస్తుంది. బైబిలులో దేవుడు ఒక్కడే, పేర్లు మాత్రం అనేకం. పాత నిబంధన చాలావరకు హీబ్రూ భాషలోను, కొత్త నిబంధన గ్రీకు భాషలోను ఉన్నాయి. కాబట్టి ఆ భాషల్లోని పేర్లనే పరిశీలిద్దాం.

7.3 ఎలోహీం – సృష్టికర్త

ఆదికాండం మొదటి వాక్యంలో ప్రపంచాన్ని సృష్టించిన దేవునికి వాడిన పేరు ‘ఎలోహీం’. ఈ పదం రూపంలో బహువచనం. అయినా అక్కడ దానితో వచ్చే క్రియ ఏకవచనం. మనం గౌరవంతో ‘వారు వచ్చారు’ అన్నప్పుడు రెండూ బహువచనాలే కదా! హీబ్రూలో అలా కాదు. ఈ బహువచనం దేవుని గొప్పతనాన్ని సూచిస్తుందని చాలామంది పండితుల అభిప్రాయం.

7.4 ఎల్ రోయి – చూచే దేవుడు

ఆదికాండం 16వ అధ్యాయంలో హాగరు అనే ఐగుప్తు దాసి కథ ఉంది. గర్భవతి అయిన ఆమె యజమానురాలు పెట్టిన బాధలు భరించలేక ఎడారిలోకి పారిపోతుంది. నీటి ఊట దగ్గర దేవదూత ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. పుట్టబోయే బిడ్డకు ఇష్మాయేలు అని పేరు పెట్టమంటాడు. ‘దేవుడు వింటాడు’ అని దాని అర్థం. అప్పుడు హాగరు దేవునికి ‘ఎల్ రోయి’, అంటే ‘చూచే దేవుడు’ అని పేరు పెడుతుంది. బైబిలు కథనంలో దేవునికి మొదట పేరు పెట్టినది రాజు కాదు, పూజారి కాదు. ఇల్లు విడిచి వచ్చిన ఒక పరదేశపు దాసి. ఈ సంగతిని మీరు ప్రత్యేకంగా గమనించాలి.

7.5 యెహోవా – ఉన్నవాడు

నిర్గమకాండం 3వ అధ్యాయంలో మోషే దేవుని పేరు అడుగుతాడు. వచ్చిన జవాబు ‘ఉండు’ అనే క్రియతో ముడిపడి ఉంది. బానిసల మొర విన్నవాడు వారికి తోడుగా ఉంటాడని అక్కడి సందర్భం తెలుపుతుంది. ఈ పేరు నాలుగు హల్లులతో హీబ్రూ బైబిలులో సుమారు 6,800 సార్లు కనిపిస్తుంది.

యూదులు భక్తితో ఆ పేరును పలకడం మానివేసి, ‘ప్రభువు’ అనే అర్థం గల ‘అదోనాయ్’ అని చదివేవారు. తరువాత హీబ్రూ వ్రాతకు అచ్చు గుర్తులు చేర్చినప్పుడు, ఆ నాలుగు హల్లులకు ‘అదోనాయ్’ అచ్చులను జోడించారు. ఆ కలయికే ‘యెహోవా’. అసలు ఉచ్చారణ ‘యాహ్వే’ అయి ఉంటుందని పండితులు భావిస్తారు. పాత తెలుగు బైబిలు ‘యెహోవా’ అనే వాడుతుంది. ఆ పేరును వ్యర్థంగా వాడరాదని పది ఆజ్ఞల్లో ఒకటి చెబుతుంది. దేవుని పేరు మనిషి తన స్వార్థానికి వాడుకునే పనిముట్టు కాదని దీని భావం.

7.6 ప్రభువు, అబ్బా

పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఈ పేరుకు బదులుగా సాధారణంగా కనిపించే మాట ‘క్యూరియోస్’, అంటే ప్రభువు. కొత్త నిబంధన ఈ మాటనే యేసుకు వాడింది. రోమా చక్రవర్తిని కూడా ప్రభువు అని పిలిచే రోజులవి. కాబట్టి ‘యేసే ప్రభువు’ అనడం తమ విధేయత ఎవరికో బహిరంగంగా చెప్పడమే. ‘యేసు’ అనే పేరుకు మూలమైన హీబ్రూ పేరు ‘యెహోవా రక్షణ’ అనే భావాన్ని ఇస్తుంది.

మార్కు సువార్త ప్రకారం, తనను బంధించడానికి ముందు గెత్సేమనేలో ప్రార్థిస్తూ యేసు దేవుణ్ణి ‘అబ్బా’ అని పిలిచాడు. అది అరమాయిక్ భాషలో తండ్రిని పిలిచే మాట. క్రైస్తవులు కూడా దేవుణ్ణి తండ్రీ అని పిలుస్తారు.

7.7 సారాంశం

ఎలోహీం దేవుని గొప్పతనాన్ని, ఎల్ రోయి ఆయన చూపును, యెహోవా ఆయన తోడును, అబ్బా ఆయన సాన్నిహిత్యాన్ని తెలుపుతాయి. అందరికంటె పైనున్నవాడే అందరికంటె కింద ఉన్నవారిని చూస్తాడనేది ఈ పేర్లను కలిపే విశ్వాసం.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఎల్ రోయి’ అని పేరు పెట్టినది ఎవరు?
2. ‘యెహోవా’ అనే రూపం ఎలా ఏర్పడింది?
3. మిమ్మల్ని ఎవరెవరు ఏమేమని పిలుస్తారో వ్రాయండి. ఒక్కొక్క పిలుపు మీపై ఏ బాధ్యత ఉంచుతుందో ఆలోచించండి.

జవాబులు: 1. హాగరు. 2. నాలుగు హల్లులకు ‘అదోనాయ్’ అచ్చులు చేరడం వల్ల. 3. మీ అనుభవం నుండి వ్రాయండి.