పొల్యూషన్ చీటీ చదవడం

1. ‘పాస్’ అన్న ముక్క ఒక్కటే చూసినవాడు చీటీ చదవనట్టే.

బెజవాడ ఆటోనగర్‌లో పానా పట్టుకుని తలపండినవాణ్ణి. అయినా చాలాకాలం ఆ చీటీని మడిచి బండివాళ్ల చేతిలో పెట్టడమే తప్ప అంకెలు చూడలేదు. బీఎస్-4 పెట్రోలు కారుకి ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. మొదటిది పెరిగిందంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. రెండోది పెరిగిందంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది. ఒక టాక్సీ కుర్రాడి బండిలో ఆ రెండో అంకె హద్దుకి కాస్త ఇవతల ఆగింది. పాసయిందిగా, పొమ్మన్నాను. నిజానికి ప్లగ్గు మిస్సవుతోంది. మండని పెట్రోలు, పొగని శుద్ధిచేసే కన్వర్టర్లోకి చేరి అక్కడ అంటుకుని, లోపలి సన్నటి జల్లెడని ముద్దగా కరిగించేసింది. ప్లగ్గు ఖరీదుతో పోవలసింది కుర్రాడి నెలల సంపాదనని మింగింది. డబ్బు లెక్కపెట్టి ఇస్తూ అతను నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

2. చల్లటి ఇంజను నిజం చెప్పదు.

కన్వర్టర్ బాగా కాగితే తప్ప పనిలోకి దిగదు. పార్కింగులోంచి తీసి నేరుగా టెస్టుకి పోకు నాయనా, కాసేపు తిప్పి వెళ్లు. 2500 ఆర్‌పీఎం దగ్గర చూసే లాంబ్డా, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ల అంకె, 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. అది పైకి పోతే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయమనేవాళ్లే ఎక్కువ. ముందు బండి కింద పడుకుని సైలెన్సర్ జాయింట్లు చూడు. నల్లటి మసి చార కనిపిస్తే అక్కడ చిల్లుందన్నమాట. బయటి గాలి దాంట్లోంచి దూరి అంకెని చెడగొడుతుంది. ఒక వెల్డింగుతో తీరిపోయే పని.

3. పాసైన బండి పొదుపైనదని కాదు.

లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని ఏ కన్వర్టరూ తగ్గించలేదు, ఆ చీటీలో దానికి హద్దూ లేదు. తక్కువ తాగించడమొక్కటే దారి.

4. బ్రోచర్ మైలేజీ రోలర్ల మీద నడిచిన బండిది.

మైలేజీ తేల్చే ఏఆర్ఏఐ సంస్థ టెస్టులో బండి గంటకి 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ ఉండదు, మన బందరు రోడ్డు ట్రాఫిక్ అసలే ఉండదు. ఆ అంకెతో నీ బండిని పోల్చి కుంగిపోకు. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగాక అదే బంకులో మళ్లీ నింపి, కిలోమీటర్లని లీటర్లతో భాగించు. ఆ లెక్క నెలనెలా రాసిపెట్టు. ఉన్నట్టుండి పడితే ముందు టైర్లలో గాలి, తర్వాత ఎయిర్ ఫిల్టరు, ఆపైన బ్రేకు పట్టేస్తోందేమో చూడు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. అందువల్ల తగ్గే కాస్త మైలేజీకి పాపం మెకానిక్కుని తిట్టకు.