యాభై వేలలో సినిమా లుక్: ఏ కెమెరా, ఏ లెన్స్?

మన వీడియోలు చూసేవాళ్లలో చాలామంది ఇప్పుడు తామే ఏదో ఒకటి తీయాలనుకుంటున్నారు. ఊరి జాతర, ఇంట్లో వ్రతం, తాతగారు చెప్పే పురాణం... ఇలాంటివి. అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. “అన్నా, చేతిలో యాభై వేలున్నాయి. సినిమా లుక్ రావాలంటే ఇంకో లక్ష ఈఎంఐ పెట్టి ఫుల్‌ఫ్రేమ్ కొనాలా?” అక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఈఎంఐ నెత్తిన పెట్టుకోకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

వెనకంతా మసగ్గా కనిపిస్తేనే సినిమా లుక్ అని చాలామంది అనుకుంటారు. కానీ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన సినిమాల్లో ఒక్కో ఫ్రేము వెడల్పు సుమారు 22 నుంచి 25 మిల్లీమీటర్లే. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సోనీలో దాదాపు 23.5, కేనన్‌లో 22.3 మిల్లీమీటర్లు. అంటే చవగ్గా దొరికే ఏపీఎస్-సీ కెమెరాయే సినిమా ఫ్రేముకి దగ్గర. ఫుల్‌ఫ్రేమ్ (36 మిల్లీమీటర్లు) అంతకన్నా పెద్దది. చిన్నప్పుడు మనం థియేటర్లో చూసిన సినిమాల్లో హీరో వెనకున్న ఊరు, గుడి, జనం అన్నీ బాగానే కనిపించేవి కదా!

మరి ఆ లుక్ ఎక్కడి నుంచి వస్తుంది? ముందుగా కదలిక నుంచి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. షట్టర్ అందులో సగం సేపు తెరుచుకోవాలి, అంటే 1/48 సెకను. మన కెమెరాల్లో దానికి దగ్గరగా 1/50 ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/50 పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు పడి, తెర మీద చారలు రావు. 24 బదులు 25 ఫ్రేములు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. జాతరల్లో కట్టే ఎల్‌ఈడీ సీరియల్ లైట్ల సంగతి మాత్రం వేరు. అవి వాటి ఇష్టమొచ్చినట్టు మిణుకుతాయి, అందుకని ముందు పది సెకన్లు తీసి చూసుకోండి.

షట్టర్ 1/50 దగ్గర కట్టేశాక ఎండలో అసలు సమస్య మొదలవుతుంది. ఐఎస్ఓ 100లో మిట్టమధ్యాహ్నం ఎండకి ఎఫ్ 22 దాకా మూయాల్సి వస్తుంది. మనకి కావాల్సింది ఎఫ్ 2.8. మధ్యలో 6 స్టాపుల తేడా, అంటే 64 రెట్ల వెలుతురు ఎక్కువ. షట్టర్ స్పీడు పెంచితే వెలుతురు తగ్గుతుంది కానీ కోలాటం ఆడేవాళ్ల చేతులు టకటకా తెగినట్టు కనిపిస్తాయి. అదే టీవీ న్యూస్ లుక్. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే కెమెరాకి కూలింగ్ గ్లాసు. లెన్స్ కన్నా ముందు ఇది కొనమంటాను, అతిశయోక్తి కాదు. తిప్పే రకం (వేరియబుల్) సులువే గానీ, చివరిదాకా తిప్పితే ఫ్రేములో అడ్డంగా నల్లటి ఎక్స్ గుర్తులాంటి నీడ పడుతుంది.

రెండోది వెలుగు భాగాలు. ఫిల్మ్‌లో దీపం మంట చుట్టూ వెలుగు మెల్లగా కరిగిపోతుంది, డిజిటల్‌లో ఒక్కసారిగా తెల్లటి మచ్చ అయిపోతుంది. అందుకే హారతి తీసేటప్పుడు మంటని బట్టి ఎక్స్‌పోజర్ పెట్టుకోండి, మిగతాది కాస్త చీకటైనా పర్వాలేదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. 3200 దగ్గర ఫిక్స్ చేస్తే దీపకాంతి వెచ్చగానే ఉంటుంది. ఆటోలో పెడితే షాట్ మధ్యలో రంగు మారిపోతుంది. కెమెరాలో షార్ప్‌నెస్‌ని కిందికి దించేయండి. అంచులు గీసినట్టు కనిపించడమే “వీడియో”ని పట్టించేస్తుంది. లాగ్ ప్రొఫైల్ అని అందరూ ఊదరగొడతారు. 8 బిట్ కెమెరాలో దాని జోలికి పోకపోతే మంచిదని నా అభిప్రాయం. రంగులు లాగినప్పుడు ఆకాశం మెట్లు మెట్లుగా విరుగుతుంది.

మూడోది కాంతి. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి ముంగిలిని సెట్ వేసినప్పుడు, కెమెరామన్ సుబ్రత మిత్ర పైన తెల్లటి గుడ్డ పరిచి, లైట్లని దాని మీదికి కొట్టి, అక్కడి నుంచి వెనక్కొచ్చే మెత్తని కాంతితో తీశారు. నిజంగా ఆకాశం నుంచి దిగిన వెలుగులాగే ఉంటుంది. మన ఇంట్లో ఉతికిన తెల్ల పంచె చాలు. కిటికీకి ఎదురుగా ఇద్దరు పట్టుకుంటే తాతగారి ముఖంలో నీడపడ్డ వైపు కూడా వెలుగొస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక బాడీ. సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ6300 గానీ జెడ్‌వీ-ఈ10 గానీ చూడండి. వీటిలో కుదుపు ఆపే సెన్సర్ లేదు, కాబట్టి ట్రైపాడ్ తప్పదు. చేత్తోనే తీస్తానంటే పానసోనిక్ జీ85 మంచిది, సెన్సరే కదిలి కుదుపుని సర్దుకుంటుంది. దాని సెన్సర్ చిన్నది కాబట్టి రాత్రి ఊరేగింపుల్లో గ్రెయిన్ ఎక్కువ. కేనన్ ఎం50 బాగా దొరుకుతుంది గానీ 4కేలో ఫ్రేము బాగా కోసేస్తుంది, ఫోకస్ కూడా మందగిస్తుంది. ఫుల్ హెచ్‌డీ చాలనుకుంటేనే తీసుకోండి.

లెన్సుల్లో మొదటిది సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4. ఏపీఎస్-సీ మీద అది మన కంటి చూపుకి దగ్గరగా ఉంటుంది, దీపాల వెలుతురు సరిపోతుంది. రెండోది సరదాకి, పాత సోవియట్ హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్ 2. ఎం42 అడాప్టర్‌తో సోనీకి తగిలించొచ్చు. ఫోకస్ చేత్తోనే తిప్పాలి. వెనకున్న ఆకుల మసక సుడి తిరిగినట్టు వస్తుంది. ముఖాలకి, మంటకి చాలా అందం. ఇరుకు పూజగదిలో మాత్రం పనికిరాదు, గోడకి ఆనుకున్నా ఫ్రేము పట్టదు. అక్కడ కెమెరాతో వచ్చిన కిట్ లెన్సే గతి. (గర్భాలయం దగ్గర ఏ లెన్సూ వద్దు. కెమెరా బ్యాగులోనే ఉంచండి.)

పాత లెన్స్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తేమ ఎక్కువ కాబట్టి కొన్నాక కూడా సిలికా జెల్ ప్యాకెట్లతో గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోవాలి. బాడీ చూసేటప్పుడు ఎఫ్ 16లో తెల్లగోడని ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. మైక్ జాక్ కదిపి చూడటం మర్చిపోవద్దు.

డబ్బు పంచుకునేటప్పుడు బాడీకి సగానికి మించి పెట్టకండి. మిగతాది లెన్స్, ట్రైపాడ్, ఎన్‌డీకి. ఎన్‌డీ ఫిల్టర్ ఒక్కటే, 67 ఎంఎం సైజులో తీసుకోండి. సిగ్మా 30కి 52, హీలియోస్ 44-2కి 49, సోనీ 16-50 కిట్ లెన్స్‌కి 40.5 ఎంఎం పడుతుంది. తక్కువ ఖరీదులో దొరికే స్టెప్-అప్ రింగులు వేసుకుంటే ఆ ఒక్క ఫిల్టరే మూడింటికీ సరిపోతుంది.