పూత మీద తోట అమ్మకు

విస్సన్నపేట

చిరంజీవి అమ్మలుకు,

నీ నవల రెండుసార్లు చదివాను. గాలివాన వెలిసిన తెల్లారి ముసలమ్మ తోటలో రాలు కాయలు ఏరుకునే చోట కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. రాయడం నీకు వచ్చు. ఆ సంగతిలో నాకు దిగులు లేదు.

దిగులంతా నువ్వు ఉత్తరం చివర అడిగినదాని గురించే. పబ్లిషరు పాతిక వేలిచ్చి హక్కులన్నీ రాసిమ్మంటున్నాడు, సంతకం పెట్టేయనా అన్నావు. వద్దమ్మా.

అవసరానికి పూత మీదే తోట అమ్ముకునే రైతుల్ని మన ఊళ్ళో చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు. కాపు విరగకాసినా ఆ ఏడు వాళ్ళకి దాని మీద మాట చెల్లదు. అయినా మరుసటేడు తోట మళ్ళీ రైతుదే. శాశ్వతంగా రాసిచ్చేసిన రచయితకి ఆ మరుసటేడు కూడా ఉండదు. నా మొదటి నవల అలాగే పోయింది. నాలుగు వరుసల కాగితం చదవకుండా సంతకం చేశాను. మూడో ముద్రణ వచ్చిందని పుస్తకాల కొట్లో చూసి తెలుసుకున్నాను. ఆ ప్రతి డబ్బిచ్చి కొనుక్కుని బస్సెక్కాను.

1957 నాటి కాపీరైటు చట్టం రచయిత పక్షాన ఉంది. బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ హక్కు నీదీ, నీ వారసులదీ. కాగితం మీద రాసి సంతకం పెడితే తప్ప అది చేతులు మారదు. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకోవాలని చట్టమే చెబుతోంది. అందుకే ‘శాశ్వతంగా’ అన్న మాట ఎక్కడున్నా కొట్టించు. సినిమా, ఆడియో, అనువాదం నీ దగ్గరే ఉంచుకో. ఒక్క ముద్రణకి, ఇన్ని ప్రతులకి అని మాత్రమే ఇవ్వు.

ఒప్పుకోకపోతే నువ్వే వేసుకో. వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరింట వంట చేశాడు, హోటల్లో సర్వరుగా పనిచేశాడు. అలాంటి మనిషి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వాటిని తానే మోసుకుని తిరిగి అమ్మాడు. ‘ప్రజల మనిషి’ నవల రాసింది ఆయనే. జైలుకెళ్ళొచ్చాడు, ‘గంగు’ నవల పూర్తికాకుండానే 1961లో పోయాడు. పుస్తకం మోయడం ఆయనకి చిన్నతనం అనిపించలేదు. నీకూ అనిపించకూడదు.

అప్పు మాత్రం చేయకు. మొదట 300 ప్రతులు చాలు. ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కొట్లవాళ్ళ కమీషను పోగా మిగిలేది తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. కాబట్టి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో నువ్వే నిలబడి అమ్ము. కొన్నవాళ్ళ ముఖాలు చూస్తావు, రెండో నవలకి అదీ పనికొస్తుంది. ప్రూఫులు అచ్చుకాగితం మీద దిద్దు. ఫాంటు మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, తెర మీద అవి కంటికి ఆనవు.

ఇంకొకటి. అటు ఖమ్మం, ఇటు కృష్ణా కలిసిన మాట మనది. ముసలమ్మ నోట ఆ మాటే ఉండనీ. ఎవరైనా సరిచేస్తామంటే ఒప్పుకోకు.

ఆదివారం మొదటి బస్సుకి రా. ఆ ఒప్పందం కాగితం తెచ్చుకో. ఇద్దరం కూర్చుని ఒక్కో వరుసా చదువుదాం. అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ మావయ్య