కాయకమునకు ప్రాణము నమ్మకము



నేడు మన బిడ్డలు అనేకులు బ్యాంకులలోను, కర్మాగారములలోను, కచేరీలలోను ఉద్యోగములు చేయుచున్నారు. “జీతమునకు చేయు కొలువు కాయకమెట్లగును?” అని కొందఱకు సందేహము. సత్యశుద్ధముగా చేసిన ఏ వృత్తియైనను కాయకమే. కొలువును అట్టిదే. దానికి ప్రాణము నమ్మకము.

బసవేశ్వరుడు స్వయముగా కొలువు చేసినవాడు. 12వ శతాబ్దిలో కళచురి బిజ్జలుని భండారము ఆయన అధీనమున నుండెను. రాజధనము జంగమార్చనకు వ్యయమగుచున్నదని గిట్టనివారు చాడీలు చెప్పగా, లెక్క చూచినపుడు ధనము కొఱవడలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. భక్తులు దీనిని మహిమగా విందురు. ఉద్యోగి ఇందుండి మఱియొక పాఠమును గ్రహింపవలెను: ఏ దినమున లెక్క అడిగినను తడబడక చూపగలిగి యుండవలెను.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలనేఱి జీవించిన శరణుడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఆ అధికము మనకు తగదని భార్య లక్కమ్మ తిప్పి పంపెను. యజమాని సొత్తులో తనది కాని పిడికెడు గింజలను సైతము ఇంట చేరనీయని ఇల్లాలు ఉన్న ఇంట ద్రోహము పుట్టదు.

సొత్తనగా ధనము మాత్రమే కాదు. ధరల పట్టీలు, తయారీ విధానము, ఖాతాదారుల వివరములు కూడ సొత్తే. 1955 నాటి స్టేట్ బ్యాంకు చట్టము ప్రకారము ఉద్యోగి బాధ్యతలు స్వీకరించుటకు ముందే విశ్వాసమును, గోప్యతను పాటింతునని వ్రాసి ఈయవలెను. ఒకరి ఖాతాలో ఎంత ఉన్నదో, ఎవరు అప్పు పడినారో అరుగుమీద చెప్పుకొను మాటలు కావు. పూర్వము రహస్యము నోట జాఱెడిది; నేడు సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటో చాలును. నమ్మి అప్పగించిన సొత్తును గుమాస్తా అపహరించినచో, 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను ప్రకారము శిక్షార్హుడు.

ఉద్యోగము మారునపుడు ఏమి తీసికొని పోవచ్చును? 1967లో సుప్రీంకోర్టు ముందునకు ఇట్టి వివాదము వచ్చెను. టైరుదారము తయారుచేయు కర్మాగారమున ఐదేండ్ల ఒప్పందముతో చేరి, శిక్షణ పొందిన ఉద్యోగి నడుమనే పోటీ సంస్థకు వెడలెను. ఒప్పందకాలము ముగియువఱకు ఆ పని పోటీదారు వద్ద చేయరాదన్న నిషేధమును న్యాయస్థానము సమర్థించెను. అయితే ఉద్యోగము ముగిసిన పిమ్మట కూడ జీవనోపాధిని అడ్డగించు షరతులకు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రతిబంధకము. కావున చేతి నేర్పు ఉద్యోగిది. సంస్థ రహస్యము సంస్థది. ఖాతాదారుల పట్టికను నకలు వ్రాసికొని పోవుట నేర్పు కాదు, చౌర్యము.

ఇక కఠినమైన ప్రశ్న. యజమానియే అధర్మము చేసిన? సరకులో కల్తీ కలిపిన, దొంగలెక్కలు వ్రాయుమన్న? రహస్యమును కాచుట వేఱు, పాపమును కప్పుట వేఱు. అట్టి ఆజ్ఞను పాటించుట విధేయత కాదు. ముందుగా పై అధికారికి వినయముతో చెప్పవలెను. వినకున్న చట్టము నియమించిన అధికారికి తెలుపవలెను. పోటీదారునకు అమ్ముకొనుటయు, కక్షతో బజారున పెట్టుటయు తగవు. ప్రజాహితము గోప్యతకంటె అధికమైనపుడు వివరము వెల్లడింపవచ్చునని 2005 నాటి సమాచార హక్కు చట్టమును అంగీకరించినది. బిజ్జలుడు శరణులను క్రూరముగా దండించినపుడు బసవన్న పదవిని పట్టుకొని వ్రేలాడలేదు. దానిని విడిచి కూడలసంగమమునకు వెడలెనని సంప్రదాయము.

నమ్మకము ఏకపక్షము కారాదు. జీతము వేళకు ఈయని యజమాని, సేవకుని మానము కాపాడని యజమాని విశ్వాసమును అడుగుటకు అర్హుడు కాడు.

ఇంట పిల్లలతో కలిసి ఆలోచింపుడు:

1. కచేరీ వస్తువును ఇంటికి తెచ్చినపుడు లక్కమ్మవలె అడుగువారు మన ఇంట ఉన్నారా?
2. నేడు మనము ఇతరులకు చెప్పిన మాటలలో మనకు నమ్మి అప్పగించినది ఏదైనను కలదా?
3. మన వద్ద పనిచేయువారి నమ్మకమునకు మనము తగియున్నామా?